ముళ్ళపంది వీపు మీద నీలం ఈక

నేనెప్పుడూ ఏమీ రాయలేదు పిల్లలూ. ఐదో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఇంట్లోకి తేవాల్సిన సరుకులు తప్ప కాగితం మీద నేను ఇంకేమీ పెట్టి ఎరగను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకోండి.

నిన్న సాయంత్రం మా అరుగు మీద కూర్చున్నప్పుడు ఎదురింటి చందన, "అత్తా, వార్డు కమిటీ అంటే ఏంటి? మన వీధి తరఫున నిన్ను వెయ్యమంటున్నారంట కదా" అని అడిగింది. నాకు నలుగురిలో గొంతు పెగలదు. ఆ సంగతి మీకందరికీ తెలుసు. జవాబు చెప్పలేక ఒక కథ చెప్పాను. మీరు మళ్ళీ మళ్ళీ చెప్పమన్నారు. అందుకని రాసిపెడుతున్నాను.

అనగనగా ఒక అడవి. ఆ అడవి మధ్యలో ఒక వాగు. ఆ వాగు ఒడ్డున జంతువులన్నీ కలిసి ఒక ఊరు కట్టుకున్నాయి. ఊరన్నాక పేటలుంటాయి కదా. రాళ్ళల్లో ఉండేవాళ్ళది రాళ్ళపేట. చెట్ల మీద ఉండేవాళ్ళది కొమ్మలపేట. నీళ్ళల్లో ఉండేవాళ్ళది బురదపేట. పొదల్లో, బొరియల్లో ఉండేవాళ్ళది పొదలపేట.

ఊరి పనులు మాట్లాడుకోవడానికి ఒక సభ ఉండేది. ఊరి మధ్యలో ఉన్న ఒక నల్లటి బండ మీద కూర్చునేవాళ్ళు. దాన్ని మాటబండ అనేవాళ్ళు. పేటకొకరు చొప్పున ఆ బండ మీద కూర్చోవాలి. వాళ్ళని పేటపెద్దలు అనేవాళ్ళు.

పేటపెద్దలకి ఒక పద్ధతి ఉంది. సభకి వెళ్ళే ముందు గడప గడపకీ వెళ్ళి, "ఏం చెప్పమంటారు?" అని అడగాలి. సభ అయ్యాక మళ్ళీ గడప గడపకీ వెళ్ళి, "ఇదీ మాట" అని చెప్పాలి. వెళ్ళేటప్పుడు అడగకపోయినా తప్పే. వచ్చేటప్పుడు చెప్పకపోయినా తప్పే. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఏ పేటవాళ్ళయినా "మా మాట సభకి చేరలేదు" అనుకుంటే, పని మొదలయ్యేలోపు పేటంతా కదిలి బండ దగ్గరికి రావాలి. అప్పుడు సభ మళ్ళీ కూర్చోవాల్సిందే.

పొదలపేటకి పెద్ద ఒక ముళ్ళపంది. పేరు గుచ్చయ్య. మంచివాడే కానీ సిగ్గెక్కువ. ఎవరైనా తేరిపార చూస్తే తల ముళ్ళల్లో దాచుకునేవాడు. మరి అలాంటివాడిని ఎందుకు ఎన్నుకున్నారంటారా? ఆయన ముళ్ళని చూసి ఎన్నుకున్నారు.

సభకి వెళ్ళే ముందు గుచ్చయ్య గుమ్మం దగ్గరికి వస్తే, ఆ ఇంటివాళ్ళు తమ పొద నుంచి ఒక ఆకు కోసి ఆయన ముల్లుకి గుచ్చేవాళ్ళు. గుచ్చుతూ తమ మాట చెప్పేవాళ్ళు. సభలో గుచ్చయ్య వెనక్కి తిరిగి ఒక్కొక్క ఆకునీ తడుముకునేవాడు. "ఇది రేగాకు, కుందేలు మాట" అని ఆ మాట చెప్పేవాడు. "ఇది తంగేడాకు, ముంగిస మాట" అని ఈ మాట చెప్పేవాడు. జవాబు వచ్చాక ఎవరి ఆకు వాళ్ళకి తిరిగి ఇచ్చేవాడు. అలా ఒక్క మాట కూడా ఎప్పుడూ తప్పిపోలేదు.

కొమ్మలపేటకి పెద్ద ఒక నెమలి. పేరు పింఛయ్య. పింఛయ్యకి గుచ్చయ్యని ఆటపట్టించడం అంటే సరదా.

"ఎవరో పొదని పీక్కొస్తున్నారనుకున్నా. నువ్వా బావా?" అనేవాడు. "మేకలు కనిపిస్తే జాగ్రత్త. నిన్ను మేసేస్తాయి" అనేవాడు.

బురదపేట పెద్ద కప్ప. అది కడుపు పట్టుకుని నవ్వేది. పింఛయ్య మనసులో చెడేమీ లేదు. కానీ గుచ్చయ్యకి ఆ నవ్వులు ముళ్ళలా గుచ్చుకునేవి. ముళ్ళున్నవాడికి కూడా ముళ్ళు గుచ్చుకుంటాయి పిల్లలూ.

ఇలా ఉండగా వానలు దగ్గరపడ్డాయి. వాన పడితే వాగు పొంగుతుంది. వాగు పొంగితే ఇవతలివాళ్ళు ఇవతలే ఉండిపోవాలి. నేరేడు చెట్లన్నీ అవతల ఒడ్డున ఉన్నాయి. ఏటేటా పిల్లలు ఇవతల కూర్చుని, అవతల రాలే పళ్ళని చూసి లొట్టలు వేసేవాళ్ళు.

సభకి పెద్దదిక్కు రాళ్ళపేట ఉడుము పెద్దమ్మ. ఆవిడ నాలుక బయటికి చాపి లోపలికి తీసుకుంటే సభ మొదలైనట్టు. ఆవిడ అంది, "మన ఒడ్డున ఎండుచెట్టు ఒకటుంది కదా. దాన్ని వాగుకి అడ్డంగా పడేస్తే వంతెన అవుతుంది. ఏనుగు గున్నమ్మ పడేస్తానంది. మీ మీ పేటల్లో కనుక్కుని రండి."

గుచ్చయ్య పొదలపేటలో బయల్దేరాడు.

కుందేలు రేగాకు గుచ్చింది. "వంతెన అంటే బాగానే ఉంది మామా. కానీ బెరడు తీసెయ్యొద్దని చెప్పు. నున్నగా ఉంటే నా కాళ్ళు జారతాయి" అంది.

ముంగిస తంగేడాకు గుచ్చింది. "పాములు ఒక పక్కగా నడవాలని చెప్పు మామా. నడిమధ్యలో ఎదురుపడితే నేను నన్ను ఆపుకోలేను" అంది.

పందికొక్కు పెద్ద జిల్లేడాకు గుచ్చింది. "నాకు చెప్పడానికేం లేదు బావా. కానీ ఆకు పెట్టుకెళ్ళు. పెట్టలేదంటే మా ఆవిడ నాలుగు రోజులు సాధిస్తుంది" అంది.

చివరికి ఎండుచెట్టు దగ్గరికి వచ్చాడు. ఆ చెట్టు తొర్రలో నీలమ్మ అనే పాలపిట్ట ఉండేది. "ఆకులే లేని చెట్టు మా పేటలోది ఎలా అవుతుంది?" అని కొమ్మలపేటవాళ్ళు ఆమెని కలుపుకోలేదు. "పోనీలే, మాలో ఉండమ్మా" అని పొదలపేటవాళ్ళు కలుపుకున్నారు.

తొర్రలోంచి నాలుగు చిన్న నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పిల్లలకి ఇంకా ఈకలు రాలేదు. గులాబీ రంగు ముద్దల్లా ఉన్నాయి.

"అన్నయ్యా, ఈ చెట్టు పడేస్తే నా పిల్లలు ఏమైపోతారో నువ్వే చూడు" అంది నీలమ్మ. "వంతెన వద్దనను. నా పిల్లలూ రేపు నేరేడు పళ్ళు చూడాలి కదా. కానీ ఈ చెట్టు లోపలంతా డొల్ల. గున్నమ్మ కాలు పెడితే విరిగిపోతుంది. వాగు పైవంపు దగ్గర ఒక ఎండిన మద్దిచెట్టు ఉంది. గట్టిది. అందులో ఎవరూ ఉండటం లేదు. దాన్ని పడేయమని చెప్పు."

"చెబుతానమ్మా" అన్నాడు గుచ్చయ్య.

"నాకు ఆకు లేదు. ఇది పెట్టుకో" అని నీలమ్మ తన రెక్కలోంచి ఒక నీలం ఈక తీసింది. ఎండలో అది తళతళ మెరిసింది. దాన్ని ఆయన నడినెత్తి మీద ముల్లుకి గుచ్చింది.

గుచ్చయ్య మాటబండ వైపు నడిచాడు. దారిలో వాగు దగ్గర నీళ్ళు తాగుతూ తన నీడ చూసుకున్నాడు. నెత్తి మీద ఈక గాలికి ఊగుతోంది. పింఛయ్య ఏమంటాడో అప్పుడే చెవిలో వినిపించింది. "ఓహో, ఒక్క ఈక పెట్టుకుని నెమలివి అయిపోదామనుకున్నావా బావా?" అంటాడు. కప్ప కడుపు పట్టుకుంటుంది. రేపటి నుంచి ఊరంతా నెమలి బావా, నెమలి బావా అని పిలుస్తుంది.

"ఆకులు లేకపోతే మాటలు గుర్తుండవా ఏంటి? ఉన్నవి నాలుగు మాటలు" అనుకున్నాడు. ఒళ్ళు దులుపుకున్నాడు. ఆకులూ, ఈకా తీసి ఒక రాయి కింద పెట్టాడు. ముళ్ళన్నీ నీళ్ళతో నున్నగా దువ్వుకున్నాడు. సభకి వెళ్ళాడు.

పింఛయ్య ఆయన్ని చూసి మెడ సాచాడు. "ఎవరీ దొరగారు? బావా, ఇవాళ నీ పెళ్ళా?" అన్నాడు.

ఈసారి ఎవరూ ఎగతాళిగా నవ్వలేదు. ఉడుము పెద్దమ్మ కూడా, "బాగున్నావురా" అంది. గుచ్చయ్యకి ఒళ్ళంతా వెచ్చగా అయింది. అంతకుముందెప్పుడూ బండ మీద అంత నిటారుగా కూర్చోలేదు.

ఉడుము పెద్దమ్మ నాలుక చాపి తీసుకుంది. "చెప్పండి. ఎండుచెట్టు పడేద్దామా?"

"మా కొమ్మలపేటకి సరే" అన్నాడు పింఛయ్య. "మావాళ్ళని అడగక్కర్లేదు. నా మాటే వాళ్ళ మాట."

"మేం ఈదుకుంటూ పోతాం. మాకు వంతెన ఎందుకు? అయినా సరే" అంది కప్ప.

"రాళ్ళపేటకి సరే" అంది ఉడుము పెద్దమ్మ. "పొదలపేట?"

అందరూ గుచ్చయ్య వైపు తిరిగారు. గుచ్చయ్య అలవాటుగా వెనక్కి తడుముకున్నాడు. చేతికి వట్టి ముల్లే తగిలింది. ఇంకోటి తడిమాడు. అదీ వట్టిదే. బెరడు గురించి ఏదో ఉంది. పాముల గురించి ఏదో ఉంది. నీలంగా ఇంకేదో ఉంది. ఆ నీలంగా ఉన్నదేంటో ఎంత ఆలోచించినా అందలేదు. అందరూ చూస్తున్నారు.

"మాకూ... సరే" అన్నాడు.

"అయితే రేపు పొద్దెక్కాక గున్నమ్మ వస్తుంది" అంది ఉడుము పెద్దమ్మ. సభ ముగిసింది.

గుచ్చయ్య తిరిగి వస్తూ రాయి ఎత్తాడు. ఆకుల మధ్యలోంచి నీలం ఈక ఆయన్ని చూసింది. అంతే, కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నాలుగు చిన్న నోళ్ళు కళ్ళ ముందు కదిలాయి.

వెనక్కి పరిగెత్తి బండ దగ్గరికి పోవచ్చు. కానీ ఏమని చెబుతాడు? మెల్లగా పేట వైపే నడిచాడు.

"నా మాట చెప్పావా మామా?" అని అడిగింది కుందేలు. గుచ్చయ్య తలూపి రేగాకు ఇచ్చేశాడు.

"పాముల సంగతి ఏమన్నారు మామా?" అంది ముంగిస. "చూద్దామన్నారు" అని గొణిగి తంగేడాకు ఇచ్చేశాడు.

పందికొక్కు జిల్లేడాకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "బావా, ఇది నలిగిందేంటి? ముల్లుకుంటే ఇలా నలగదే. బండ కింద పడ్డట్టుంది" అంది. పందికొక్కు పెళ్ళాం లోపల్నుంచి తల బయట పెట్టింది. "ఆ ఈక ఎవరిది? ఇంకా నీ దగ్గరే ఉందేంటి అన్నయ్యా?" అని అడిగింది.

గుచ్చయ్య గబగబా అక్కణ్ణుంచి కదిలాడు. ఈక పట్టుకుని ఎండుచెట్టు దగ్గరికి వెళ్ళాడు.

నీలమ్మ పురుగుని పిల్లల నోట్లో పెడుతోంది. ఆయన్ని చూసి ఎగిరి కిందికొచ్చింది. "వచ్చావా అన్నయ్యా. ఏమన్నారు?"

చెప్పకుండా ఉండిపోవచ్చు. ఇంకా ఏమీ తేలలేదని అనొచ్చు. గుచ్చయ్య పైకి చూశాడు. నాలుగు నోళ్ళూ ఆయన కూడా ఏదో పెడతాడనుకుని తెరుచుకున్నాయి.

"నీలమ్మా, నేను నీ మాట చెప్పలేదు" అన్నాడు. "నవ్వుతారని నీ ఈక తీసేశాను. ఈకతో పాటు మాట కూడా పోయింది. రేపు పొద్దెక్కాక గున్నమ్మ వస్తుంది."

నీలమ్మ ఆయన చేతిలోని ఈకని చూసింది. "నా ఈక నీకంత బరువైందా అన్నయ్యా?" అంది.

గుచ్చయ్య తల ముళ్ళల్లో దూర్చుకున్నాడు. లోపల్నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

"తల బయటికి తియ్యి" అంది నీలమ్మ. "నువ్వు వచ్చి చెప్పావు కాబట్టి ఈ రాత్రి చేతిలో ఉంది. చెప్పకపోతే చెట్టు ఊగినప్పుడే నాకు తెలిసేది. పేటంతా కదిలితే సభ మళ్ళీ కూర్చోవాలి కదా. పద, పేటని లేపు."

గుచ్చయ్య తోక ముళ్ళు ఆడించాడు. గలగలమని మోగాయి. ఆయన అలా ముళ్ళు మోగించడం పేటలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. అందరూ బయటికొచ్చారు. అందరి ముందూ జరిగింది చెప్పాడు.

"అంటే నా బెరడు మాట కూడా చెప్పలేదా? తలూపావు కదా" అంది కుందేలు.

"అబద్ధంగా ఊపానమ్మా."

"అయితే రేపు నిజంగా ఊపుదువుగాని. తెల్లారాక మేమూ వస్తాం" అంది కుందేలు.

తెల్లారింది. పేటంతా మాటబండకి బయల్దేరింది. ముందు గుచ్చయ్య నడుస్తున్నాడు. ప్రతి ముల్లుకీ ఒక ఆకు. రేగాకు, తంగేడాకు, జిల్లేడాకు, ఇంకా ఎన్నెన్నో. "ఇవాళ నాకూ ఒక మాట ఉంది బావా, మా ఆవిడ చెప్పింది" అని పందికొక్కు రెండో ఆకు కూడా గుచ్చింది. నడినెత్తిన నీలం ఈక ఊగుతోంది.

గున్నమ్మ వస్తుందని పెద్దలందరూ అప్పటికే బండ దగ్గర చేరారు. పింఛయ్య కళ్ళు పెద్దవి చేశాడు. "అమ్మో, ఇవాళ అడవే నడిచొస్తోంది. నెత్తి మీద అదేంటి, మా చుట్టానివి అయిపోయావా బావా?"

గుచ్చయ్య చెవులు ఎర్రబడ్డాయి. కానీ తల దాచుకోలేదు. "అది నీలమ్మ మాట బావా. నవ్వడం అయ్యాక చెప్పు. నేను మొదలుపెడతాను" అన్నాడు.

పింఛయ్య తోక ముడుచుకుని కూర్చున్నాడు.

గుచ్చయ్య ఒక్కొక్క ఆకునీ తడిమి ఒక్కొక్క మాటా చెప్పాడు. చివరికి ఈకని తడిమి నీలమ్మ మాట చెప్పాడు. అప్పుడే ఏనుగు గున్నమ్మ ఊగుతూ వచ్చింది.

"నాకు ఏ చెట్టయినా ఒకటే" అంది గున్నమ్మ. "చెప్పేవాళ్ళు ఒక మాట మీదుండండి. ఇంకా టిఫిను కూడా చెయ్యలేదు."

"ముందు చెట్టు చూద్దాం పదండి" అంది ఉడుము పెద్దమ్మ.

అందరూ ఎండుచెట్టు దగ్గరికి వెళ్ళారు. గున్నమ్మ తొండంతో మెల్లగా తట్టింది. చెట్టు ఖాళీ కుండలా మోగింది. వెంటనే పైన తొర్రలోంచి నాలుగు నోళ్ళు బయటికొచ్చి కిచకిచమని అరిచాయి.

గున్నమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఓరి నాయనో, చెట్టు ఆకలంటోంది" అంది.

అక్కడున్నవాళ్ళందరూ పకపకా నవ్వారు. నీలమ్మ కూడా నవ్వింది. గుచ్చయ్యకి ఆ నవ్వు ఎక్కడా గుచ్చుకోలేదు.

"ఈ డొల్ల చెట్టు మీద నేను కాలు పెట్టుంటే వాగులో పడేదాన్ని" అంది గున్నమ్మ. "ఆ మద్దిచెట్టు ఎక్కడో చూపించండి."

పింఛయ్య నేల చూపులు చూశాడు. "ఇందులో పిల్లలున్నారని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

"నువ్వు ఎవరినైనా అడిగావా?" అంది ఉడుము పెద్దమ్మ.

పక్క చెట్టు మీద ఒక ఉడుత తోక విదిలించింది. "మమ్మల్ని అడిగినా చెప్పేవాళ్ళం. రోజూ ఆ పిల్లల గోలకే మాకు మెలకువ వస్తుంది. పింఛన్నా, నీకు అంత పెద్ద తోక ఉంది కదా. మా ఆకులు దానికి ఎందుకు తగిలించుకోవు?" అంది.

మద్దిచెట్టు పడింది. బెరడు తియ్యలేదు. పాములకి ఎడమ పక్క ఇచ్చారు. గుచ్చయ్య గడప గడపకీ వెళ్ళి, "ఇదీ మాట" అని చెప్పి ఆకులు తిరిగి ఇచ్చాడు.

వానలు మొదలయ్యాయి. వాగు పొంగింది. పిల్లలు మాత్రం అవతల ఒడ్డున నేరేడు చెట్ల కింద ఉన్నారు. అందరి నాలుకలూ ఊదాగా ఉన్నాయి. నీలమ్మ పిల్లలకి రెక్కలొచ్చాయి. మొదటిసారి ఎగిరి వంతెన మీదే వాలాయి.

గుచ్చయ్య ఈక తిరిగి ఇవ్వబోతే నీలమ్మ తీసుకోలేదు. "ఉండనీ అన్నయ్యా. మళ్ళీ సభ ఉంటుందిగా" అంది.

మళ్ళీ సభ రోజున గుచ్చయ్య ముందుగా వచ్చి బండ మీద కూర్చున్నాడు. అటు నుంచి ఒక పెద్ద పొద ఊగుతూ, ఆయాసపడుతూ వస్తోంది. మర్రాకులు, మామిడాకులు, చింతాకులు, సగం కొరికిన ఒక జామాకు. వాటి మధ్యలోంచి నెమలి తల బయటికొచ్చింది.

"ఏమీ అనకు బావా" అన్నాడు పింఛయ్య.

గుచ్చయ్య పక్కకి జరిగి చోటిచ్చాడు.

ఇంతవరకూ నిన్న రాశాను పిల్లలూ. ఇవాళ పొద్దున్న కొళాయి రాకముందే తయారయ్యాను. కమిటీకి సరేనని కబురు పంపాను. తర్వాత వీధి చివరి ఇంటి నుంచి మొదలుపెట్టాను. మొదటి గుమ్మం ముందు రెండుసార్లు వెనక్కి తిరగబోయి, చివరికి తలుపు తట్టాను. తలుపు తీసిన వరలక్ష్మి వదినతో, "మీటింగుకి వెళ్తున్నాను వదినా. ఏం చెప్పమంటావు?" అన్నాను. ఆవిడ వీధిలైటు వెలగడం లేదని చెప్పింది. నా వెనకే వచ్చిన చందన గబగబా వదినావాళ్ళ పెరట్లోకి పోయి, ఒక కరివేపాకు రెబ్బ తెచ్చి నా కొప్పులో గుచ్చింది. నేను తియ్యలేదు. అలాగే పక్కింటి తలుపు తట్టాను.

నీతి: నలుగురి తరఫున మాట్లాడేవాళ్ళు వెళ్ళే ముందు ఆ నలుగురినీ అడగాలి, వచ్చాక జరిగింది జరిగినట్టు వాళ్ళకి చెప్పాలి.